తలకు దెబ్బ తగిలిన మనిషిని ఇంటికి పంపేముందు ఇంట్లోవాళ్ళకు నేర్పండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో సైకిల్ పోటీల గురించి వచ్చిన కథనం చదివాను. తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని బీచ్ రోడ్డు మీద వరసగా వెళ్తున్నవాళ్ళ ఫొటో బాగుంది. అందులో రాసినవన్నీ నిజాలే. గుండెకు మంచిది, షుగర్ అదుపులో ఉంటుంది, నలభై దాటినవాళ్ళకు కొత్త స్నేహాలు దొరుకుతాయి. కానీ పోటీలో పడి తలకు గట్టి దెబ్బ తగిలితే ఆ మనిషికీ, ఆ మనిషిని చూసుకునేవాళ్ళకూ తరవాత ఏమవుతుందో అందులో ఎక్కడా లేదు. ఆ సంగతి మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని మనవి.

నేను విశాఖపట్నంలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో ఇంజినీరు. షుగర్ అంచుకు వచ్చిందని డాక్టరు చెబితే సైకిల్ మొదలుపెట్టారు. మొదట ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా, తరవాత భీమిలి దాకా, ఆపైన ఆదివారాల్లో పోటీలు. శనివారం రాత్రి చిలగడదుంపలు ఉడకబెట్టి, ఖర్జూరాల్లో గింజలు తీసి డబ్బాలో సర్దేది నేనే. ఆ హడావుడి నాకిష్టం. చొక్కా మీద చెమట ఉప్పు తెల్లగా కట్టుకుపోయి ఇంటికొచ్చి, ఏ ఎత్తు దగ్గర ఎవరిని దాటారో మా అమ్మాయికి చెబుతుంటే వినడం ఇంకా ఇష్టం.

ఇలాంటి పోటీల్లో గాలి తక్కువ తగలాలని ఒకరి వెనక ఒకరు జానెడు దూరంలో నడుపుతారు. ముందువాళ్ళ వెనక చక్రానికి మన ముందు చక్రం తగిలితే ఎక్కువగా పడేది వెనకవాళ్ళే. మా ఆయన పడ్డ రోజు రుషికొండ దిగుడులో కుక్క అడ్డం వచ్చిందని ముందున్నవాళ్ళు బ్రేకులు వేశారు. సముద్రపు గాలికి రోడ్డు అంచున ఇసుక చేరి ఉంది. చక్రాలు రాసుకుని నలుగురు పడ్డారు. మా ఆయన తల డివైడరుకు కొట్టుకుంది. హెల్మెట్ పగిలిపోయింది.

అక్కడున్నవాళ్ళు మంచి మనసుతోనే పరిగెత్తుకొచ్చారు. హెల్మెట్ లాగేశారు, లేపి కూర్చోబెట్టారు, మొహాన నీళ్ళు కొట్టారు, కాసిని తాగించబోయారు. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు మెడ ఎముక కూడా విరిగి ఉండొచ్చని, స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని వాళ్ళలో ఎవరికీ తెలియదు. నిర్వాహకుల దగ్గరున్నది అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు మోసే వ్యాను. అంబులెన్స్ లేదు. 108కి ఫోన్ చేస్తే ఆ సిబ్బంది వచ్చి, మెడకు పట్టీ వేసి, పలక మీద కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్ళారు. వాళ్ళకు నా దండాలు. అదే గుంపులో పడ్డ ఇంకో కుర్రాడు లేచి సైకిలెక్కి పోటీ పూర్తి చేశాడు. మధ్యాహ్నం ఇంట్లో వాంతులు మొదలైతే వాళ్ళమ్మ ఆసుపత్రికి తీసుకొచ్చింది. దేవుడి దయవల్ల అతనికి ప్రమాదం తప్పింది. తల తిరుగుతున్నవాణ్ణి, అయోమయంగా చూస్తున్నవాణ్ణి మళ్ళీ సైకిలెక్కించకూడదని అక్కడ చెప్పే మనిషి ఒక్కరూ లేరు. 2021 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల్లో తలదెబ్బను గుర్తించడానికి ప్రత్యేక పద్ధతి ఉంది. మన ఆదివారం పోటీలకు అందులో నాలుగు ప్రశ్నలు నేర్చుకున్నా చాలు.

హెల్మెట్ గురించి ఒక మాట. అది లేకపోతే ప్రాణం దక్కేది కాదని డాక్టరు చెప్పారు. 2003లో పారిస్-నీస్ పోటీలో కజకిస్థాన్ ఆటగాడు ఆంద్రేయ్ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి చనిపోయాకే పెద్ద పోటీల్లో దాన్ని తప్పనిసరి చేశారు. కానీ హెల్మెట్ ఉన్నా పుర్రె లోపల మెదడు అదురుతుంది, మెలితిరుగుతుంది. దాన్ని పూర్తిగా ఆపే హెల్మెట్ లేదు. ‘హెల్మెట్ పెట్టుకున్నారుగా, మరి ఇలా ఎలా అయింది?’ అని ఇప్పటికీ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను.

తలదెబ్బ ఎంత పెద్దదో చెప్పడానికి కళ్ళు తెరవడం, మాట, కాళ్ళూచేతులూ కదపడం చూసి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. 8గానీ అంతకంటే తక్కువగానీ వస్తే తీవ్రం. మా ఆయనకు 7 వచ్చాయి. మెదడు పైపొర కింద రక్తం గడ్డకట్టింది, మెదడు వాచింది. వాపుకు చోటు కావాలని పుర్రెలో కుడివైపు అరచేతంత ఎముక తీసేశారు. ఆ ఎముకను పాడవకుండా ఆయన పొట్ట చర్మం కిందే కుట్టి దాచారు. కొన్ని నెలల తరవాత తీసి మళ్ళీ తలకు అమరుస్తారు. ఇది చాలా చోట్ల చేసే పనేనని, ఇందులో వింతేమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం డ్యూటీ డాక్టరు లిఫ్టులోకి వెళ్తూ వెళ్తూ చెప్పిన ఒక్క వాక్యం తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. పొట్ట మీద కుట్లు ఎందుకున్నాయో అర్థంకాక మా అత్తయ్య రాత్రంతా ఏడ్చారు. కిడ్నీ తీసేశారేమోనని ఆవిడ భయం. పల్లెటూరి ఆవిడ కదా అని తీసిపారెయ్యడానికి లేదు. చెప్పకపోతే ఎవరికైనా వచ్చే అనుమానమే అది.

డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. దానికి జన్మంతా రుణపడి ఉంటాను. నా బాధంతా ఐసీయూ తలుపు ఇవతల సంగతి.

స్పృహ వచ్చిన మనిషి సినిమాల్లోలాగా కళ్ళు తెరిచి పేరు పెట్టి పిలవడు. మా ఆయన కళ్ళు తెరిచిన తరవాత చాలా రోజులు ఎక్కడున్నారో తెలియలేదు. ముక్కులో గొట్టం పీకేసేవారు. చేతులు దూదిగుడ్డతో మంచానికి కట్టారు. నన్ను ‘అక్కా’ అని పిలిచి, రాజమండ్రి వెళ్ళే బస్సు పోతోంది, చెప్పులేవీ అని అడిగేవారు. నోటెంట ఎప్పుడూ రాని బూతులు వచ్చేవి. నేను, మా మరిది, అత్తయ్య, చుట్టాలు అందరం మంచం చుట్టూ చేరి ‘ఇదిగో ఫలానా వచ్చాడు, గుర్తుపట్టావా?’ అని పరీక్షలు పెట్టేవాళ్ళం. అడిగేకొద్దీ ఆయన ఇంకా రెచ్చిపోయేవారు.

ఒక సీనియర్ సిస్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ‘అమ్మా, ఇది దెబ్బ మానే దారిలో వచ్చే ఒక దశ. కావాలని చెయ్యడం లేదు. పరీక్షలు పెట్టకండి. ఒకసారికి ఒక్కరే ఉండండి. మీరే మీ పేరు చెప్పండి, ఊరు చెప్పండి, ఏ రోజో చెప్పండి. చిన్న మాటలు, నెమ్మదిగా. లైట్లు తగ్గించండి. బస్సు పోతోందంటే లేదు పోలేదు అని వాదించకండి, చెప్పులు తరవాత తెస్తానని చెప్పి మాట మార్చండి.’ ఆ సాయంత్రమే మార్పు కనిపించింది. అంతమంది డాక్టర్లు, అంత పెద్ద భవనం, అన్ని మెషీన్లు ఉన్నచోట నాకు పనికొచ్చిన మాట ఒక్క మనిషి, అదీ తన డ్యూటీ అయిపోయాక నిలబడి, చెప్పింది. ఆ సిస్టర్ ఆ వారం సెలవులో ఉండి ఉంటే నాకు ఎవరు చెప్పేవాళ్ళు?

డిశ్చార్జి రోజు ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. ఏ స్కాన్‌లో ఏముందో, ఏ మందు ఏ పూట వెయ్యాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో ఉంది. ఇంట్లో ఏం చెయ్యాలో ఒక్క వాక్యం లేదు. అప్పటికి ఆయన ముక్కు గొట్టంతోనే ఉన్నారు, ఎడమ చెయ్యి, కాలు సరిగ్గా లేవు, తలకు కుడివైపు ఎముక లేదు. బిల్లు కట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకుని, మూడో అంతస్తు ఫ్లాట్‌కు తీసుకెళ్ళాం.

ముక్కు గొట్టంలో రాగిజావ పోసేటప్పుడు మనిషిని పడుకోబెట్టి పొయ్యకూడదు, తలవైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి, లేకపోతే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జావను పలచటి గుడ్డలో వడకట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది. పోసిన ప్రతిసారీ నీళ్ళతో కడగాలి. ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు జరిగితే ఏమీ పొయ్యకుండా నర్సును పిలవాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. తిప్పేటప్పుడు ఎముక లేనివైపు ఒత్తిడి పడకూడదు. ఇవన్నీ నాకు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు కొన్ని, ఆ సిస్టర్ ఫోన్లో కొన్ని చెప్పారు. రాత్రుళ్ళు ఫోన్లో అలారం పెట్టుకుని నేనూ మా మరిదీ వంతులు వేసుకుని తిప్పేవాళ్ళం. పొద్దున్నే స్కూలు.

ఇంటికొచ్చాక ఒకసారి ఫిట్స్ వచ్చింది. కింద ఫ్లాట్ పిన్నిగారు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టబోయారు, ఇంకొకరు పళ్ళ మధ్య స్పూను దూర్చబోయారు. మన ఇళ్ళల్లో తరతరాలుగా చేసే పని అదే. నోట్లో ఏదీ పెట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులు తియ్యాలి, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకొకటి మొదలైనా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. తలకు ఇంత పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని ఆసుపత్రికి తెలుసు, మందు కూడా రాశారు. ఆ మందు దేనికో, వస్తే ఏం చెయ్యాలో మాకు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది.

గొట్టం తీసేశారు, కొన్ని నెలలకు ఎముక అమర్చారు, కర్ర పట్టుకుని నడిచారు, తరవాత కర్ర లేకుండా నడిచారు. అప్పటినుంచి చూడ్డానికొచ్చినవాళ్ళందరూ ‘ఇంకేం, మామూలు మనిషైపోయాడు’ అనడం మొదలుపెట్టారు. మా కష్టం అప్పుడే మొదలైంది. చెయ్యి విరిగినవాడికి కట్టు కనబడుతుంది. మెదడులో దెబ్బ మానుతున్న మనిషికి పైకి ఏమీ కనబడదు.

కుక్కర్ విజిల్ వస్తే ఆయన చెవులు మూసుకుని కేకలు పెట్టేవారు. అందుకని పప్పు గిన్నెలో ఉడికించడం మొదలుపెట్టాను. ఇంట్లో టీవీ, ఫోను, మాట ఒకేసారి వినబడితే ఒళ్ళంతా వణికిపోయేది. అరగంట మాట్లాడితే రెండు గంటలు పడుకోవాలి. పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి గుర్తుండదు, ముప్ఫై ఏళ్ళ కిందటి క్రికెట్ స్కోరు గుర్తుంటుంది. స్నానానికి లెమ్మంటే గాని లేవరు. అది బద్ధకం కాదు. ఏ పనైనా మొదలుపెట్టించేది మెదడు ముందుభాగం, అక్కడే ఆయనకు దెబ్బ. మా అమ్మాయి అప్పుడు టెన్త్. వాళ్ళ నాన్న విసిరిన గ్లాసు దాని పుస్తకాల మీద పడింది. అది ఏడవలేదు. మర్నాడు బజారుకెళ్ళి తెల్లబోర్డు కొనుక్కొచ్చి గోడకు తగిలించి, రోజూ స్కూలుకెళ్ళేముందు తారీఖు, వారం, ‘నాన్నా, ఇవాళ పదకొండింటికి ఫిజియో వస్తారు, అమ్మ నాలుగున్నరకు వస్తుంది, టేబుల్ మీద మజ్జిగ ఉంది’ అని రాసి పోయేది. ఆ బోర్డు వచ్చాక ఇంట్లో సగం గొడవలు తగ్గాయి. నేనెక్కడికి పోయానో తెలియని భయంతోనే ఆయన అరిచేవారని అప్పుడు అర్థమైంది.

ఇంకోటి. ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చి తలుపు తీసేసరికి గుప్పుమని గ్యాస్ వాసన. ఆయన వంటగది పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. పాలు కాచుకుందామని స్టవ్ తిప్పి, వెలిగించడం మరిచిపోయారు. లైటు స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలన్నీ తీసి ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళాను. ‘వాసన రాలేదా?’ అంటే ‘ఏ వాసన?’ అన్నారు. ముక్కు నుంచి మెదడుకు వెళ్ళే సన్నటి నరాలు జల్లెడలాంటి ఎముక గుండా పోతాయి, మెదడు అదిరినప్పుడు అవి తెగుతాయి, తలదెబ్బల్లో ఇది తరచుగా జరిగేదేనని తరవాత ఒక డాక్టరు చెప్పారు. అప్పటిదాకా ఆయనకు వాసన తెలియడంలేదని ఇంట్లో ఎవరికీ తెలియదు. కూరలు చప్పగా ఉన్నాయని అంటుంటే ఉప్పు ఎక్కువ వేస్తున్నాను. మర్నాడే గ్యాస్ లీకైతే మోగే అలారం కొన్నాం. తలదెబ్బతో ఇంటికి వెళ్ళే ప్రతి మనిషికీ కాఫీపొడి, కర్పూరం ముక్కు దగ్గర పెట్టి చూడండి, తెలియకపోతే వంటగది జాగ్రత్త అని ఒక్క ముక్క చెబితే చాలదా? ఇల్లంతా కాలిపోయేది.

ఈ సమయంలో చుట్టాలు, స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ‘ఆ వయసులో పోటీలేంటి, నువ్వెందుకు వెళ్ళనిచ్చావమ్మా?’ అని. మంచం పక్కనే నిలబడి, ఆయన వింటుండగానే అడిగారు. పెళ్ళాం పర్మిషన్ ఇవ్వడానికి ఆయన చిన్నపిల్లాడు కాదు. సైకిల్ ఆయనకు ఆరోగ్యం ఇచ్చింది, సంతోషం ఇచ్చింది, ఆ సంతోషం మా ఇంటినిండా ఉండేది. నేను ఇవాళ కూడా దాన్ని తప్పనను. భర్త పడితే భార్యను అడగడం, భార్య పడితే ‘ఇల్లు చూసుకోక ఆడదానికి సైకిల్ పోటీలెందుకు’ అని ఆమెనే అడగడం ఆపండి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక పూట వంట తెచ్చిపెట్టినా, రెండు గంటలు ఆయన దగ్గర కూర్చుని నన్ను పడుకోనిచ్చినా అదే పదివేలు. మా స్కూల్లో సైన్సు మేడమ్ నెల పొడుగునా గురువారం సాయంత్రం వచ్చి మా అమ్మాయికి పాఠాలు చెప్పింది. ఆవిడకు నేను ఏమిచ్చుకోను?

ఆయన సైకిల్ స్నేహితులు ధైర్యం చెప్పడానికి వీడియోలు పంపేవాళ్ళు. డచ్ ఆటగాడు ఫాబియో జాకబ్సన్‌ది ఎక్కువసార్లు వచ్చింది. 2020 ఆగస్టులో పోలండ్ పోటీలో ముగింపు గీత దగ్గర పడి కోమాలోకి వెళ్ళి, మొహమంతా ఆపరేషన్లు చేయించుకుని, మరుసటి ఏడాదే స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే వుయెల్టా పోటీలో మూడు దశలు గెలిచాడు. గొప్పే, కాదనను. అదే దేశపు క్రీడాకారిణి ఎమీ పీటర్స్ గురించి ఎవరూ పంపలేదు. మాడిసన్ అనే జంటల ట్రాక్ సైక్లింగ్ పోటీలో వరసగా మూడేళ్ళు ప్రపంచ విజేత ఆమె. 2021 డిసెంబరులో స్పెయిన్‌లో శిక్షణ సమయంలో పడి నెలల తరబడి కోమాలో ఉండి, లేచాక మాట, నడక మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మా ఆయన ఎవరిలా కోలుకుంటారో డాక్టర్లకే తెలియనప్పుడు గెలిచినవాళ్ళ వీడియోలు రోజూ చూపిస్తే ఆయన ‘నేనింకా సైకిలెక్కలేకపోతున్నానేంటి’ అని కుమిలిపోయేవారు. నేను ఆ గ్రూపువాళ్ళకు ఫోన్ చేసి, వీడియోలు వద్దు బాబూ, ఆదివారం పూట ఒకరు వచ్చి ఆయనతో పార్కులో నడవండి అని చెప్పాను. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. ఆయన రికవరీలో వాళ్ళ వాటా చిన్నదేమీ కాదు.

డబ్బు, సెలవుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదానికే అది వర్తిస్తుంది. సైకిలూ సైకిలూ తగిలి పడితే అందులోకి రారు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్ళలేరు. ఆరోగ్య బీమా ఉంటే అదే దిక్కు. మాకు ముందు సాహస క్రీడ కాబట్టి డబ్బు రాదని బీమా కంపెనీవాళ్ళు అడ్డం పెట్టారు. బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ప్రామాణిక నిబంధనలో వృత్తిగా పాల్గొనేవాళ్ళకే ఆ మినహాయింపు అని ఉంది. ఆ మాట పట్టుకుని రాతపూర్వకంగా అడిగితే డబ్బు వచ్చింది. వ్యక్తిగత ప్రమాద బీమా వేరు, వాటిల్లో కొన్ని పోటీలను పూర్తిగా మినహాయిస్తాయి, కట్టేముందే చదువుకోండి. ఫిజియో, స్పీచ్ థెరపీ, ఇంటికొచ్చే నర్సు ఖర్చు చాలావరకు చేతినుంచే పెట్టుకోవాలి. మా అమ్మాయి పేరున వేసిన డిపాజిట్ అలాగే కరిగింది.

టీచర్లకు పిల్లల సంరక్షణకు సెలవుంది, మంచం పట్టిన భర్తను చూసుకోవడానికి ప్రత్యేకంగా సెలవంటూ లేదు. నాకున్న కొద్దిపాటి సెలవులు అయిపోయాక జీతం నష్టం మీద పెట్టుకున్నాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ‘సంరక్షకులు’ ఎవరో చెప్పింది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, చూసుకునే కుటుంబసభ్యులందరూ అందులోకి వస్తారు. అదే చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసెయ్యకూడదు, అదే జీతంతో ఇంకో పనికి మార్చాలి. ఈ దెబ్బ నాకు తగిలి ఉంటే నా ఉద్యోగానికి రక్షణ ఉండేది. ప్రైవేటు ఉద్యోగికి పై అధికారి మంచితనమే రక్షణ. మా ఆయన మేనేజరు మంచివాడు కాబట్టి ఇప్పుడు పూటకు నాలుగు గంటలు, ఒక్కరే కూర్చునే గదిలో, డ్రాయింగులు సరిచూసే పని ఇచ్చారు. అందరికీ అలాంటివాళ్ళు దొరకరు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. తలకు, వెన్నుకు పెద్ద దెబ్బ తగిలిన మనిషిని డిశ్చార్జి చేసేముందు ప్రతి ఆసుపత్రీ ఒక గంట కేటాయించి, ఇంట్లో చూసుకునే ఇద్దరిని కూర్చోబెట్టి తెలుగులో నేర్పాలి. గొట్టంలో ఆహారం పొయ్యడం, పక్కకు తిప్పడం, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో నర్సు చేసి చూపించాలి, తన ఎదురుగా మాచేత చేయించాలి. కోపం, మతిమరుపు, అలసట, వాసన పోవడం దెబ్బలో భాగమని ముందే చెప్పాలి. ఫోన్ చేసి అడగడానికి ఒక నంబరు ఇవ్వాలి. చూసుకునే మనిషి ఎలా నిద్రపోతోందో కూడా రివ్యూకు వెళ్ళినప్పుడు ఒక్కసారి అడగాలి. నాకు గుండెదడ వచ్చి నేలమీద కూలబడ్డాకగానీ ఎవరూ అడగలేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో, వేలూరు సీఎంసీలో నరాల దెబ్బలు తగిలినవాళ్ళకు ప్రత్యేక పునరావాస విభాగాలున్నాయి. వేలూరుకు మన చిత్తూరు, నెల్లూరు వాళ్ళు ఎప్పటినుంచో వెళ్తున్నారు. 1954లో ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడ్డ డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, ఆ పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. మన పెద్దాసుపత్రులు అంత కట్టలేకపోయినా ఒక గంట, ఒక గది, ఒక నర్సు ఇవ్వలేవా?

పోటీలు పెట్టేవాళ్ళకు కూడా రెండు మాటలు. ఎంట్రీ ఫీజులో టీ షర్టుకు, మెడల్‌కు పెట్టే డబ్బులో కొంత తీసి నిజమైన అంబులెన్స్, ప్రథమ చికిత్స తెలిసిన ఇద్దరు మనుషులు, పాల్గొనేవాళ్ళందరికీ పోటీ రోజుకు వర్తించే బీమా పెట్టండి. అవి లేకపోతే ఆ ఆదివారం పోటీ పెట్టకండి. దిగుడుల దగ్గర ముందురోజు ఇసుక ఊడిపించండి. పోటీకి వెళ్ళే వాళ్ళు హెల్మెట్ లోపల రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం అతికించుకోండి. మా ఆయన దగ్గర ఫోనుంది గాని లాక్ ఎవరికీ తెలియదు. నాకు కబురు అందేసరికి ఆయన ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో ఉన్నారు.

ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. గ్లాసు విసిరిన సంగతి తీసెయ్యనా అంటే ‘ఉంచు, ఇంకో ఇంట్లో పిల్లలు భయపడుతుంటారు, వాళ్ళకు తెలియాలి’ అన్నారు.

మేము నేర్చుకున్నవన్నీ తెలుగులో రెండు పేజీలుగా రాశాను. మా ఫిజియోథెరపిస్టు, ఒక న్యూరాలజిస్టు చూసి దిద్దారు. ఒక కాపీ ఈ ఉత్తరంతో జతచేశాను. వీలైతే ఆరోగ్యం పేజీలో వెయ్యండి. ఏ ఆసుపత్రి అడిగినా మీ కార్యాలయం ద్వారా ఇవ్వండి, మా పేర్లు అవసరం లేదు. వాళ్ళ డాక్టర్ల చేత సరిచూపించుకుని, డిశ్చార్జి కాగితంతో పాటు పిన్ను కొట్టి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
విశాఖపట్నం